రెండో కుప్ప

2019 డిసెంబరులో మా ఇళ్ళల్లో సందూఖులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దాని వెనకే ఎన్నార్సీ వస్తుందన్నారు. పట్నాల్లో మనవాళ్ళు సడకుల మీద కూర్చుంటే బషీరాబాద్‌లో మా అమ్మీ, చాచీ, ఫుప్పీ ఇంట్లో చాప పరుచుకుని కూర్చున్నారు. అటక మీది రేకు పెట్టెలు దిగాయి. తీసిన ప్రతి కాగితాన్నీ వెలుగులో పెట్టి చూసి రెండు కుప్పలు వేశారు. మొదటి కుప్పలో రేషన్ కార్డులు, ఓటరు గుర్తింపు కార్డులు, పదో తరగతి మెమోలు, ఒకటి రెండు పహాణీ నకళ్ళు, ఇంటి పన్ను రసీదులు. ఇవి సర్కారుకి చూపించవలసినవి. రెండో కుప్పలో మిగిలినవన్నీ. ఉత్తరాలు, పోస్టుకార్డులు, పెళ్ళి రుఖాలు, ఎవరో రాసిపెట్టుకున్న మందుల చిట్కాలు, అట్ట ఊడిపోయిన ఒక చందా రిజిస్టరు. ఉర్దూలో ఉన్న కాగితం ఏ కుప్పలోకి పోవాలో తేల్చలేక మమ్మల్ని పిలిపించారు. ఆ ఇంట్లో ఉర్దూ చదవగలిగింది మేమొక్కరమే.

రెండో కుప్పని చూపించి చాచీ అడిగింది: "ఏ సబ్ కచ్రా హై క్యా?"

ఆ ప్రశ్నకి మేము ఆ రోజు సరైన జవాబు చెప్పలేదు. "రఖో, దేఖేంగే" అన్నాము, అంతే. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే. మనిషి సొంత కాగితాలనీ, ఒక సంఘం నడిపిన లెక్కల్నీ మినిట్స్‌నీ దాచిపెట్టే చోట్లు లోకంలో ఉన్నాయి. కొన్ని దేశాల్లో ఆ పని కాలేజీలు చేస్తున్నాయి. మన దగ్గర ఎవరు చేస్తున్నారు, ఏ చూపుతో చేస్తున్నారు, ఆ చూపులో బషీరాబాద్ లాంటి ఊరి సాయిబుకి చోటుందా అనేది తేల్చుకోవాలి. పరాయివాళ్ళని తిట్టడానికే ఇది రాయడం లేదు. మనల్ని మనం తిట్టుకోవలసింది కూడా చాలా ఉంది.

ముందు ఊరి సంగతి. బషీరాబాద్ ఇవాళ వికారాబాద్ జిల్లాలో, తాండూరు పక్కన, కర్ణాటకని ఆనుకుని ఉన్న మండలం. నాపరాళ్ళూ కందులూ మా నేల పంటలు. రాయిని పంట అంటామా అని నవ్వొద్దు, గనిలో దిగినవాడికి అదే పంట. 1874లో సికింద్రాబాద్ నుంచి వాడికి వేసిన రైలు కట్ట మా పక్కనించే పోతుంది. వికారాబాద్ పేరులో పైగా అమీరు వికారుల్ ఉమరా ఉన్నాడు. నవాబుల పేర్లు ఊళ్ళకి ఇట్లా అతుక్కునే ఉన్నాయి, ఆ పేర్లని చూసే బయటివాళ్ళు మమ్మల్ని నవాబుల వారసులనుకుంటారు. మా తాతలు ఆ నవాబుల రాళ్ళు మోసినవాళ్ళు. తాండూరు తాలూకా 1956 దాకా గుల్బర్గా జిల్లాలో భాగం. ఆ నవంబరులో రాష్ట్రాలు విడగొట్టినప్పుడు కొడంగల్‌తో పాటు మా తాలూకాని కూడా గుల్బర్గా నుంచి తెంపి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 1978లో రంగారెడ్డి జిల్లా అన్నారు. 2016లో వికారాబాద్ జిల్లా అన్నారు. మా దాదీ గడప దాటకుండానే రాష్ట్రమూ జిల్లా కూడా మారింది. కాగితాలు మాత్రం ఆమెతో మారలేదు. మా ఊరి పాత కాగితం కోసం వెతికేవాడు గుల్బర్గాకీ పోవాలి, హైదరాబాద్‌కీ పోవాలి. ఉర్దూ రావాలి, కన్నడం రావాలి, తెలుగు రావాలి. ఇన్ని వచ్చినవాడు ఈ పని చేస్తూ కూర్చోడు, పట్నంలో నౌకరీ చేసుకుంటాడు. మేమూ అదే చేశాము.

ఇక ఆ చందా రిజిస్టరు. మా ఊళ్ళో పీర్ల పండక్కి ఎవరెంత ఇచ్చారో రాసుకున్న పుస్తకం అది. మొదటి పేజీలు లేవు. ఉన్నవాటిలో సంవత్సరం ఫసలీలో ఉంది, రూపాయి హాలీ సిక్కా. నిజాం రాజ్యంలో కాలమూ పైసా రెండూ వేరుగా నడిచేవి కదా. ఫసలీకి 590 కలుపుకుంటే క్రీస్తుశకం వస్తుంది. ఎవరో మంచి దస్తూరీ. అక్షరం కింద అక్షరం ఒదిగి ఉంది. పేర్లు చూస్తే సగానికి పైగా సాయిబులవి కావు. డప్పు కొట్టినవాళ్ళ పేర్లున్నాయి, వాళ్ళకి ఇచ్చిన జొన్నలెన్నో ఉంది. అలావా గుంట తవ్వినవాళ్ళ కూలి ఉంది. ఒక ముత్తైదువ మొక్కు తీర్చుకుని ఇచ్చిన వెండి గొడుగు ఉంది, ఆమె పేరు పక్కన ఆమె ఊరు కూడా రాశారు. ఊదు, మలీదా బెల్లం, దట్టీల గుడ్డ, దీపాలకి నూనె. గంగా జమునా తహ్‌జీబ్ అని సభల్లో మాట్లాడేవాళ్ళు కుతుబ్‌షాహీ నవాబు వసంత పండగ ఆడాడని చెప్పి ఊరుకుంటారు. ఇక్కడ అణాల లెక్కలో ఉంది ఆ తహ్‌జీబ్. ఎవరు కట్టెలు మోశారో, ఎవరికి ఎంత బాకీ పడ్డారో కూడా ఉంది. బాకీ తీర్చలేదని దెబ్బలాడుకున్న జాడ కూడా ఒక చోట ఉంది. ఆ గీతని రెండుసార్లు కొట్టేశారు, మళ్ళీ రాశారు.

1357 ఫసలీ మొహర్రం లెక్క రెండు పేజీలు నిండా ఉంది. అది 1947 నవంబరు. తర్వాతి పేజీ మీద 1358 అని వేసి, కింద గీతలు కూడా గీసి, ఏమీ రాయలేదు. హిజ్రీ 1368 మొహర్రం 1948 నవంబరు మొదట్లో వచ్చింది. సెప్టెంబరు 13న మిలటరీ దిగింది, 17న నిజాం లొంగిపోయాడు. గీతలు గీసుకుని కూర్చున్న ఆ మనిషి ఎవరింటికీ చందాకి పోలేదు. 1359 నించి వేరే దస్తూరీ. అక్షరం పెద్దది, తడబడుతోంది. పేర్లు తగ్గాయి. ముందున్న కొన్ని సాయిబుల పేర్లు మళ్ళీ ఎక్కడా రాలేదు. వాళ్ళు చనిపోయారా, ఊరు విడిచారా, చందా ఇచ్చే స్థితి లేకపోయిందా, రిజిస్టరు చెప్పదు. దాదీ కూడా చెప్పేది కాదు. ఒక్క మాట అనేది: ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఉన్న కాగితాలు కొన్ని బాయిలో వేశారు, కొన్ని పొయ్యిలో పెట్టారు అని. ఏ కాగితం ఎవరి చేతికి చిక్కితే ఏమవుతుందోనని భయం. ఈ రిజిస్టరు పీర్ల చావిట్లో ఉండి బతికింది.

కాబట్టి మన దగ్గర కాగితాలు లేకపోవడాన్ని చదువులేనితనం కింద, నిర్లక్ష్యం కింద జమకట్టే పండితులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. కాల్చినవాళ్ళకి చదువొచ్చు. చదువొచ్చింది కాబట్టే కాల్చారు.

ఆ సంవత్సరం గురించి సర్కారు చేయించిన కాగితం ఒకటుంది. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబరు 29 నించి డిసెంబరు 21 దాకా హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి నివేదిక రాశారు. పోలీసు చర్య సమయంలోనూ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నించి 40 వేల మంది ఉంటారని వాళ్ళ అంచనా. అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నవిగా వాళ్ళు చెప్పిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. వాటిలోనే 18 వేలకి తగ్గరని రాశారు. గుల్బర్గా అంటే అప్పటికి మేమే. అదే నివేదిక రజాకార్లు హిందువుల మీద చేసిన దౌర్జన్యాల్ని కూడా దాచలేదు, అది కూడా ఇక్కడ చెప్పాలి. ఆ ముగ్గురిలో ఖాజీ అబ్దుల్ గఫార్ మా వృత్తివాడు, హైదరాబాద్‌లో 'పయామ్' దినపత్రిక నడిపినవాడు, 'లైలా కే ఖుతూత్' అని ఉత్తరాల రూపంలో నవల రాసినవాడు. ఉత్తరం విలువ తెలిసిన మనిషి రాసిన నివేదికని సర్కారు బయటపెట్టలేదు. 1980ల చివర కొన్ని భాగాలు ఒక పుస్తకంలో అచ్చయ్యాయి. అసలు ప్రతి ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చూడొచ్చని లోకానికి తెలిసేసరికి 2013 వచ్చింది. అరవై అయిదేళ్ళు. ఇందులో మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆలస్యం కాదు. ఆ నివేదికలో అంకెలున్నాయి, జిల్లాలున్నాయి. మా రిజిస్టరులో మనుషులున్నారు. ఈ రెండు కాగితాలూ ఒక బల్ల మీదకి ఎన్నడూ రాలేదు. రానంతకాలం ఒకటి వట్టి అంకె, ఇంకోటి వట్టి చందా.

ఇప్పుడు మన దగ్గర కాగితాలు దాచే చోట్ల సంగతి చూద్దాం.

తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. నిజాం కాలపు దఫ్తర్-ఎ-దివానీ నించి పెరిగిన సంస్థ. షాజహాన్, ఔరంగజేబుల కాలం నాటి పారశీక కాగితాలే లక్షన్నరకు పైగా అక్కడున్నాయి. వాటిలో అర్జ్-ఓ-చెహ్రా అనేవి ఉన్నాయి. సిపాయిని కొలువులో పెట్టుకునేటప్పుడు అతని ముఖం ఎట్లా ఉంది, మచ్చ ఎక్కడుంది, అతని గుర్రానికి ఏ ముద్ర వేశారు అని రాసుకున్న పట్టీలు. ఒకడి జీతానికి ఇంకొకడు రాకుండా, ఒక గుర్రాన్ని రెండుసార్లు చూపకుండా చేసిన ఏర్పాటు. చరిత్రకారులకి అది నిధి. కాదనం. కానీ ఆ సిపాయి ఇంటికి రాసుకున్న ఉత్తరం అక్కడ లేదు. సర్కారు కన్ను మనిషిని ఎప్పుడూ మచ్చని బట్టే గుర్తుపడుతుంది. మూడు వందల ఏళ్ళు దాటినా ఆ అలవాటు పోలేదని 2019లో చాప మీద కూర్చున్న ఆడవాళ్ళకి తెలిసొచ్చింది.

రెండోది పంజాగుట్టలో ఐవాన్-ఎ-ఉర్దూ. 1931లో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ పెట్టారు. ఉస్మానియాలో పాఠం చెప్పే మనిషి ఊళ్ళు తిరిగి చేతిరాత ప్రతులు సేకరించారు. కులీ కుతుబ్ షా కవిత్వాన్ని పరిష్కరించి అచ్చువేశారు, 1938 నించి 'సబ్‌రస్' పత్రిక నడిపారు. ఇది ఒక పంతులు చేసిన పని, సర్కారు చేసింది కాదు. దక్కనీ అంటే బజారు భాష అని ఢిల్లీ, లక్నో వాళ్ళు ముక్కు విరిస్తే, ఉర్దూకి ముందు పుట్టిన అక్క దక్కనీయే అని కాగితం చూపించి నిలబెట్టారు. మేము ఆ గదుల్లో కూర్చుని నేర్చుకున్నాము. అయినా ఒక మాట అనక తప్పదు. అక్కడి ప్రేమ భాష మీద, గ్రంథం మీద. సుల్తాన్‌కి, సూఫీకి, షాయర్‌కి చోటుంది. దూదేకులాయన అప్పుపత్రానికి, రాళ్ళగని కూలి రాయించుకున్న పోస్టుకార్డుకి ఆ ప్రేమలో వాటా లేదు. మన అష్రాఫుల సాహిత్య సంస్కారం అది. ఇల్లు ఎవరిదైనా దీవాన్‌ఖానాలోకి రానిచ్చేది కొందర్నే.

మూడోది అబ్దుస్ సమద్ ఖాన్ సేకరణ. మాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఏ నవాబు దయా లేకుండా, ఏ విశ్వవిద్యాలయం జీతమూ లేకుండా ఒక్క మనిషి దశాబ్దాల తరబడి ఉర్దూ పుస్తకాలు, ముఖ్యంగా పత్రికలు పోగుచేశాడు. ఉర్దూ రీసర్చ్ సెంటర్ అని పేరు పెట్టుకున్నాడు. పెద్ద గ్రంథాలయాలు పట్టించుకోని ఆడవాళ్ళ పత్రికలు, పిల్లల పత్రికలు, రెండు సంచికలు వచ్చి ఆగిపోయినవి, ఇట్లాంటివి కూడా కావాలనుకునే చూపు అది. 1990లలో షికాగో విశ్వవిద్యాలయం మరికొన్ని అమెరికా విశ్వవిద్యాలయాలతో కలిసి ఆ సేకరణని కొన్నది. అయితే ఓడ ఎక్కించలేదు. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పెట్టింది. ఒక తెలుగు కమ్యూనిస్టు పేరుమీద ఉన్న ఇంట్లో ఉర్దూకి అద్దెలేని గది దొరికింది. సంతోషించాల్సిందే. సిగ్గుపడాల్సింది కూడా ఉంది. 1918లో ఉర్దూలో ఉన్నత విద్య చెప్పడానికి విశ్వవిద్యాలయం పుట్టిన పట్నం ఇది. మనవాళ్ళు నడిపే ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్న పట్నం ఇది. ఆ కాగితాల విలువ ముందుగా షికాగోకి తెలిసింది. 2000 ఆగస్టులో హైదరాబాద్ మునిగినప్పుడు నీళ్ళు ఆ కేంద్రంలోకి కూడా వచ్చాయి. ఉర్దూ పుస్తకాలూ తెలుగు పుస్తకాలూ ఒకే బురదలో నానాయి. వాటిని ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టాల్సి వచ్చింది. కాగితం ఒక్క చోటే ఉంటే ఏమవుతుందో ఆ వాన చెప్పింది. ఈ మూడు చోట్లా తిరిగాక కూడా మా రెండో కుప్ప చేతిలోనే మిగిలింది.

అమెరికా కాలేజీల కథ ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. 1935లో మేరీ బియర్డ్ అనే చరిత్రకారిణి ఆడవాళ్ళ కాగితాల కోసం న్యూయార్క్‌లో ప్రపంచ కేంద్రం ఒకటి పెట్టబోయింది. డబ్బులు చాలక 1940లో మూసేసింది. అప్పటిదాకా కూడబెట్టిన కాగితాల్ని కాలేజీలకి పంచింది. 1942లో మసాచుసెట్స్‌లోని స్మిత్ అనే ఆడపిల్లల కాలేజీలో ఆడవాళ్ళ కాగితాల కోసమే ఒక సేకరణ మొదలైంది. మార్గరెట్ గ్రియర్సన్ దాని మొదటి డైరెక్టరు. ఆ మరుసటేడు రాడ్‌క్లిఫ్ కాలేజీ, ఓటు హక్కు కోసం కొట్లాడిన మాడ్ వుడ్ పార్క్ కాగితాలతో అదే పని మొదలుపెట్టింది. అంతకుముందే స్వార్త్‌మోర్ కాలేజీ యుద్ధానికి ఎదురు నిలిచిన జేన్ ఆడమ్స్ కాగితాలు తీసుకుని శాంతి సంఘాల రికార్డులకి ఇల్లయింది. వీళ్ళు అడిగినవి అచ్చు పుస్తకాలు కావు. ఉత్తరాలు, డైరీలు, సంఘాల మినిట్స్, కరపత్రాలు, ఖర్చుల లెక్కలు. అంటే మా చాచీ కచ్రా అన్నవే. మర్యాదస్తుల ఇళ్ళ పెట్టెలే ముందు వచ్చాయి అక్కడ కూడా, తెల్లవాళ్ళవే ఎక్కువగా వచ్చాయి, ఆ లోపం చాలా కాలం ఉంది. కానీ పద్ధతి మనం నేర్చుకోవలసిందే. ఒక ఇంటి కాగితాల్ని ఇంకో ఇంటివాటితో కలపరు. ఏ వరసలో దొరికాయో ఆ వరసని చెదరగొట్టరు. పెట్టెలో ఏముందో పట్టీ రాసి బయట పెడతారు. ఇచ్చినవాళ్ళు ఇన్నేళ్ళ దాకా తెరవొద్దంటే తెరవరు.

ఆ చివరి మాట మనకి ప్రాణం. ఎందుకో ముందు చెబుతాము.

మన దగ్గర కూడా చేసినవాళ్ళు లేకపోలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటల్లోనే రికార్డు చేశారు. అందులో జమాలున్నిసా బాజీ మాట్లాడింది. కాగితం లేనిచోట గొంతుని కాగితం చేశారు. కానీ మన ముస్లిం వాదం ఏం చేసింది? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్జలా' వచ్చింది. అంతకుముందు తెలుగులో మనకి లేని గొంతు వచ్చింది. ఆ కవితల వెనక ఎన్ని ఉత్తరాలు నడిచాయి, ఎన్ని చాయ్ హోటళ్ళలో ఎన్ని మీటింగులు జరిగాయి, ఎంత చందా పోగయింది, ఎవరు అలిగి వెళ్ళిపోయారు. ఆ కాగితాల్ని అడిగి తీసుకున్న కాలేజీ గురించి మేము వినలేదు. మనలో ఎవరైనా పోగుచేసి ఇస్తామన్నట్టు కూడా వినలేదు. చరిత్ర మనల్ని మాయం చేసిందని కవిత రాసి, ఆ కవిత చిత్తుప్రతిని రద్దీవాడికి వేశాం.

తెలుగు మేధావులతో కూడా ఒక పేచీ ఉంది. తెలంగాణ చరిత్ర మీద ఎన్ని పుస్తకాలు వచ్చాయి! వాటిలో గ్రామాల ఉర్దూ కాగితం చదివి రాసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉర్దూ అనగానే దివాణం, ఫర్మానా, రజాకారు గుర్తొస్తారు. ఆ లిపిలోనే మాదిగ డప్పు కూలీ, కాపు బాకీ, గొల్ల మొక్కూ రాసి ఉన్నాయని తెలియదు. 1950ల దాకా మా తాలూకాలో ఊరందరి భూమి లెక్కా ఉర్దూలోనే ఉంది. ఇవాళ్టికీ ఖస్రా పహాణీ చదివి పెట్టమని మా దగ్గరికి వచ్చేవాళ్ళలో రెడ్లున్నారు, బోయలున్నారు, లింగాయతులున్నారు. ఉర్దూ చదవలేకపోవడం సాయిబుల నష్టం మాత్రమే అనుకునేవాళ్ళు ఒకసారి తహసీల్ ఆఫీసు ముందు నిలబడి చూడాలి. మా పిల్లల్ని మేమే ఇంగ్లీషు మీడియంలో వేశాము కాబట్టి ఈ మాట గట్టిగా అనడానికి మాకూ నోరు రావడం లేదు.

రెండేళ్ళ కింద ఆ రిజిస్టరుని మా వైపు ఒక కాలేజీకి చూపించాము. పేరెందుకు. హిస్టరీ చెప్పే సారు మంచివాడు, చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. దాచడానికి గది లేదన్నాడు, ఉన్న గదిలో పాత జవాబు పత్రాలున్నాయన్నాడు. ఒకప్పుడు తమ దగ్గర కూడా ఉర్దూ సెక్షన్ ఉండేదని, అది మూసేసినప్పుడు దాని హాజరు పట్టీలు, విద్యార్థి సంఘం పుస్తకాలు తూకానికి వెళ్ళాయని ఆయనే చెప్పాడు. ఎంత తూగాయో కూడా గుర్తుందట, ఆ వోచరు ఉంది కాబట్టి. అమ్మిన కాగితం పోయింది, అమ్మినట్టు రాసిన కాగితం మిగిలింది.

ఇంతలో 2025 వచ్చింది. ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అయింది. వాడుకని బట్టి వక్ఫ్ అనే పాత లెక్క ఇకముందు చెల్లదన్నారు. జూన్‌లో ఉమీద్ అనే పోర్టల్ తెరిచి, రిజిస్టరైన వక్ఫుల వివరాలన్నీ ఆరు నెలల్లో ఎక్కించాలన్నారు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లు ఆపింది, కొన్ని ఆపలేదు. ఊళ్ళల్లో మళ్ళీ సందూఖులు తెరుచుకున్నాయి. ఈసారి కమిటీవాళ్ళు మా ఇంటికి వచ్చారు. పీర్ల చావిడి ఎప్పటినించి ఉందో చూపించే పాత కాగితం ఏదైనా ఉందా అని. ఆరేళ్ళ కింద కచ్రా అయిన రిజిస్టరు ఒక్క రాత్రిలో మొదటి కుప్పలోకి వెళ్ళింది.

మేము సంతోషపడలేదు. వాళ్ళకి కావలసింది ఒక్క పేజీ. ఫసలీ ఉన్న పేజీ, చావిడి పేరున్న పేజీ. దాన్ని ఊడదీసి ఫైలుకి కుట్టుకుంటే చాలన్నారు ఒకాయన, మిగిలింది ఎవరికి కావాలి అన్నారు. జెరాక్సు తీసి ఇచ్చాము. కాగితాన్ని రుజువుగా మాత్రమే చూడటం సర్కారు మనకి నేర్పిన పాఠం. దాన్ని మనం బాగా నేర్చుకున్నాం. రుజువుకి ఒక తారీఖు, ఒక ముద్ర చాలు. వెండి గొడుగు ఇచ్చిన ఆమె అక్కర్లేదు. రెండుసార్లు కొట్టేసిన బాకీ అక్కర్లేదు. ఖాళీ పేజీ అసలే అక్కర్లేదు. దానిమీద ఏమీ లేదు కదా!

ఇక్కడే అసలు చిక్కు. రిజిస్టరుని కాలేజీకో, ఆర్కైవ్స్‌కో ఇచ్చేద్దామని మేమంటే అమ్మీ వద్దంది. పత్రికల్లో పనిచేసి ఇంత చదివి కూడా మాకు తట్టని సంగతి ఆమె చెప్పింది. అందులో పేర్లున్నాయి. ఎవరు ఎవరి ఇంటివాళ్ళో ఉంది. పీర్లకి చందా ఇచ్చిన హిందూ ఇళ్ళ పేర్లున్నాయి, వాళ్ళ మనవలు ఇవాళ ఎట్లా ఉన్నారో, ఆ పేరు బయటికొస్తే ఎవరికి ఏం మాట పడుతుందో. 1359 తర్వాత మళ్ళీ రాని పేర్లున్నాయి, వాళ్ళ భూములు ఎవరి దగ్గరున్నాయో ఊరికి తెలుసు. "లిస్ట్ హై బేటా, లిస్ట్" అంది. కాగితాన్ని బాయిలో వేసిన తరం కూతురు ఆమె. ఆమె భయాన్ని అజ్ఞానం అనగలిగేంత ధైర్యం మాకు లేదు. స్మిత్ కాలేజీలో పెట్టెకి సీలు వేసి ఇన్నేళ్ళు తెరవమంటే తెరవరని నమ్మకం ఉంది. మన దగ్గర ఆ నమ్మకం ఎవరి మీద పెట్టుకోవాలి? కాలేజీ మీదనా, బోర్డు మీదనా, పార్టీ మీదనా? ఎక్కడో కొన్నవాళ్ళ మీదనా?

ఇన్ని రాసి మేము ఆమెకి ఎదురు చెప్పలేదు. ఒక నకలు తయారు చేస్తున్నాము. మా చెల్లెలి బిడ్డ తాండూరులో డిగ్రీ చదువుతోంది, ఉర్దూ రాదు. సెలవురోజు మేము గట్టిగా చదువుతాము, ఆ పిల్ల తెలుగు లిపిలో లాంగ్ నోటుబుక్కులో రాస్తుంది. హాలీ సిక్కా పోయి నయా పైసలు వచ్చేదాకా వచ్చాము. కొంత దూరం పోయాక రిజిస్టరు తనంతట తానే తెలుగు లిపిలోకి మారిపోతుంది. ఎవరో బడికి పోయిన కుర్రాడు పట్టాడు కలం, సాయిబుల పేర్లకి కూడా గుణింతాలు తడుముకుంటూ. అక్కడినించి మా అవసరం లేదు, పిల్ల తనే చదువుకుంటుంది.

అసలు పుస్తకాన్ని ఎప్పటికైనా కాలేజీకి ఇస్తే ఏ షరతు పెట్టాలో అమ్మీని అడిగి రాసుకున్నాము. తను ఉన్నన్నాళ్ళు ఇవ్వొద్దంది. ఇచ్చాక పేజీ ఊడదీయొద్దంది. ఇంకేమైనా ఉందా అంటే కాసేపు ఆలోచించి, చూడటానికి మా ఊరివాళ్ళెవరైనా వస్తే వాళ్ళని ఆధార్ కార్డు అడగొద్దని రాయమంది.